150 టన్నుల ఉక్కుకు ఒక మెతుకు: లోహంలో ఏముందో లేజర్ ఎలా చెబుతుంది

అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెలోని అన్నమంతా పట్టి చూడనక్కర్లేదు, ఒక్క మెతుకు చాలు అంటాం. ఉక్కు కర్మాగారంలో కెమిస్టు చేసే పని కూడా అదే. విశాఖ ఉక్కు కర్మాగారం వంటి చోట కన్వర్టర్‌ను (ఆక్సిజన్ ఊది ఉక్కు తయారు చేసే పాత్రను) ఒక్కసారి వంపితే లాడిల్ అనే పెద్ద బానలోకి సుమారు 150 టన్నుల కరిగిన ఉక్కు వస్తుంది. దానిలోంచి అరచేతిలో ఇమిడే నమూనా తీసి కార్బన్ ఎంత, మాంగనీస్ ఎంత, గంధకం, భాస్వరం ఎంతెంత అన్నది తేలుస్తారు. ఆ చిన్న బిళ్ల చెప్పే మాటను బట్టే ఆ ఉక్కు రైలు పట్టా అవుతుందా, ఇంటి స్లాబులో కడ్డీ అవుతుందా, లేక మళ్లీ కొలిమికి పోతుందా అన్నది నిర్ణయమవుతుంది.

ఈ మెతుకు పట్టి చూసే పనిని లేజర్‌కు అప్పగించాలన్న ప్రయత్నం దశాబ్దాలుగా సాగుతోంది. లేజర్ పద్ధతిలో మెతుకు మరీ చిన్నదైపోతుంది. ఒక్క లేజర్ స్పందనకు (పల్స్‌కు) ఆవిరయ్యే లోహం చాలా సందర్భాల్లో గ్రాములో కోటో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అంత తక్కువ పదార్థం 150 టన్నుల తరఫున సాక్ష్యం చెప్పగలదా? నా దృష్టిలో ఈ సాంకేతికతలోని అసలు చిక్కు ఇదే. లేజర్ మెరుపు పుట్టించడం, ఆ కాంతిని కొలవడం కష్టమే అయినా వాటికి దారి దొరికింది. ఆ కాంతి ఎవరి తరఫున మాట్లాడుతోందో తేల్చుకోవడం దగ్గరే ఇంజనీర్లు ఎక్కువ కాలం ఆగిపోయారు.

అంత నిక్కచ్చిగా ఎందుకు కొలవాలి

బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే హాట్ మెటల్ అనే కరిగిన ఇనుములో కార్బన్ 4 శాతానికి పైనే ఉంటుంది. కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊది దాన్ని తగ్గిస్తారు. రైలు పట్టాకు 0.6 నుంచి 0.8 శాతం వరకు కావాలి. ఇళ్ల నిర్మాణంలో వాడే ఎఫ్‌ఈ 500డి కడ్డీలో, ఐఎస్ 1786 ప్రమాణం ప్రకారం, అది 0.25 శాతం దాటకూడదు. అదే కడ్డీలో గంధకం 0.040 శాతం, భాస్వరం 0.040 శాతం మించరాదు, రెండూ కలిపి 0.075 శాతం లోపే ఉండాలి. అంటే పదివేల పాళ్లలో నాలుగు పాళ్ల దగ్గర గీత గీసి, దానికి ఇవతల ఉన్నామా అవతల ఉన్నామా అని చెప్పగలగాలి. గంధకం ఎక్కువైతే వేడి మీద రోలర్ల మధ్య నొక్కి సాగదీసేటప్పుడు ఉక్కు పగుళ్లిస్తుంది, భాస్వరం ఎక్కువైతే చల్లారిన తరవాత పెళుసుబారుతుంది.

చిన్న అంకె ఎంత పెద్ద ప్రమాదానికి దారి తీయగలదో 2012 ఆగస్టు 6న కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ చమురు శుద్ధి కర్మాగారంలో కనిపించింది. వేడి చమురు ప్రవహించే ఒక కార్బన్ స్టీలు గొట్టం, చమురులోని గంధక సమ్మేళనాల వల్ల లోపలి నుంచి అరిగి పలచబడి పగిలింది. 19 మంది ఉద్యోగులు ఆవిరి మేఘంలో చిక్కుకుని త్రుటిలో బయటపడ్డారు, పొగ కారణంగా చుట్టుపక్కల సుమారు 15,000 మంది వైద్యం కోసం వెళ్లవలసి వచ్చింది. అమెరికా రసాయన భద్రతా మండలి దర్యాప్తులో పగిలిన ముక్కలో సిలికాన్ 0.01 శాతమే ఉందని తేలింది. సిలికాన్ తక్కువగా ఉన్న ఉక్కు ఈ రకం తుప్పుకు త్వరగా లొంగిపోతుంది. ఒకే గొట్టాల వరుసలో, ఒకే రంగులో, ఒకే మందంతో ఉన్న ముక్కల మధ్య ఆ తేడాను కంటితో పట్టుకోవడం అసాధ్యం.

ఇప్పటి పద్ధతి, దానికి పట్టే సమయం

నేడు ప్రపంచమంతటా ఉక్కు ప్రయోగశాలల్లో ప్రధానంగా వాడే పద్ధతి స్పార్క్ వర్ణపట విశ్లేషణ. లాడిల్‌లోకి శాంపిలర్ ముంచి నమూనా తీస్తారు. అది గడ్డకట్టాక గాలి ఒత్తిడితో నడిచే గొట్టంలో పెట్టి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ దాని ముఖాన్ని నున్నగా చెక్కి, ఆర్గాన్ వాయువు మధ్యలో విద్యుత్ స్పార్క్ కొట్టించి, పుట్టిన కాంతిని విడదీసి చదువుతారు. నమూనా ముంచిన క్షణం నుంచి అంకెలు ఫర్నేస్ దగ్గరి తెర మీదకు వచ్చేసరికి సాధారణంగా మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది.

ఐదు నిమిషాలే కదా అనిపించవచ్చు. కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊదే సమయం మొత్తం కలిపి దాదాపు 15 నుంచి 20 నిమిషాలు. దానిలో చివరి రెండు మూడు నిమిషాల్లో కార్బన్ వేగంగా పడిపోతుంటే ఐదు నిమిషాల నాటి అంకె పాత వార్త అవుతుంది. లాడిల్‌లో ఆగి ఉన్న ఉక్కు చల్లబడుతూనే ఉంటుంది, ఆ వేడిని నిలబెట్టడానికి కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది. రోజుకు డజన్ల కొద్దీ హీట్లు (ఒక్కసారి కరిగించి తీసే ఉక్కు ఒక హీట్) తీసే చోట, ప్రతి హీట్‌కూ రెండు మూడు నమూనాలు పంపితే, ల్యాబ్ జవాబు కోసం ఎదురుచూసే కాలం గంటల్లోకి పోతుంది. లోహాన్ని ల్యాబ్ దగ్గరకు తీసుకుపోయే బదులు ల్యాబ్‌నే లోహం దగ్గరకు తెస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన ఇక్కడి నుంచే పుట్టింది.

నిజానికి ఆ ఆలోచన లేజర్ కంటే శతాబ్దం పాతది. హైడెల్‌బర్గ్‌లో బున్‌సెన్, కిర్‌హాఫ్ కలిసి ప్రతి మూలకానికీ తనదైన కాంతి రేఖలుంటాయని 1859, 1860 ప్రాంతంలో నిరూపించారు. మరి కొన్నేళ్లకే, 1863లో, హెన్రీ రోస్కో అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త షెఫీల్డ్‌లో బెసెమర్ కన్వర్టర్ మూతి నుంచి ఎగిసే మంటను వర్ణపట దర్శినిలో చూశాడు. గాలి ఊదడం ఆపవలసిన క్షణం దగ్గరపడగానే ఆ మంటలోని కొన్ని రేఖలు ఉన్నట్టుండి మాయమయ్యేవి. కొలిమి పనివాళ్లు కంటి అలవాటుతో పట్టుకునే క్షణాన్ని ఇలా రేఖలు చూసి పట్టుకోవచ్చని తేలింది. అయితే కార్బన్‌వి అనుకున్న ఆ రేఖల్లో చాలా భాగం మాంగనీస్ ఆక్సైడ్‌వని తరవాతి పరిశీలకులు వాదించారు. ఒక మూలకం పలుకుతుంటే మరొకటి పలికిందని పొరబడటం ఈ రంగంలో నేటికీ పొంచి ఉన్న ప్రమాదమే. దాని సంగతి కొంచెం సేపట్లో వస్తుంది.

మెరుపులో ఏం జరుగుతుంది

థియోడర్ మైమన్ 1960లో మొదటి రూబీ లేజర్ వెలిగించాడు. రెండేళ్లకే, 1962లో, బ్రెక్, క్రాస్ అనే ఇద్దరు అమెరికన్లు లేజర్‌తో పదార్థాన్ని ఆవిరి చేసి దాని కాంతి రేఖలు చదవవచ్చని ప్రకటించారు. 1966 నాటికే కరిగిన లోహం మీద ఈ ప్రయోగం చేసిన పరిశోధన వెలువడింది. తరవాత లాస్ అలమోస్ ప్రయోగశాలలో 1980లలో జరిగిన కృషితో ఈ పద్ధతి లిబ్స్ (లేజర్ ఇండ్యూస్డ్ బ్రేక్‌డౌన్ స్పెక్ట్రోస్కోపీ) అన్న పేరుతో స్థిరపడింది. మనవాళ్లకు ఈ పేరు కొత్తది కాకపోవచ్చు. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి సమీపంలో గంధకం ఉందని గుర్తించింది ఇదే రకం పరికరంతోనే. దాన్ని బెంగళూరులోని ఇస్రో ఎలక్ట్రో ఆప్టిక్స్ ప్రయోగశాల తయారు చేసింది. చంద్రుడి మట్టికి వేసే ప్రశ్నే ఉక్కుకూ వేస్తారు, కానీ ఉక్కు విషయంలో జవాబు చాలా ఎక్కువ కచ్చితత్వంతో రావాలి.

పని జరిగే తీరు ఇది. సాధారణంగా 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎన్‌డీ-యాగ్ లేజర్ వాడతారు. ఉదాహరణకు 100 మిల్లీజూళ్ల శక్తి తీసుకుందాం. అది పది గ్రాముల బరువును ఒక మీటరు ఎత్తు లేపేంత శక్తి మాత్రమే. కానీ దాన్ని సెకనులో వంద కోట్లో వంతు చొప్పున ఐదు వంతుల్లో, అంటే ఐదు నానో సెకన్లలో, విడుదల చేస్తే ఆ క్షణం మేరకు అది రెండు కోట్ల వాట్ల సామర్థ్యం అవుతుంది. దాన్ని కటకంతో వెంట్రుక మందమంత చుక్క మీదకు కేంద్రీకరిస్తే, లోహం కరగడానికి కూడా తీరిక లేనట్టుగా ఉపరితలపు పలుచని పొర ఆవిరై, ఆ ఆవిరిలోని పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి, పదివేల డిగ్రీలు దాటిన ప్లాస్మాగా మారుతుంది. సూర్యుడి ఉపరితలం వేడి 5,500 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే అని గుర్తు చేసుకుంటే ఆ చిన్న నిప్పురవ్వ ఎంతటిదో అర్థమవుతుంది.

ఆ ప్లాస్మా పుట్టిన తొలి క్షణాల్లో దాని కాంతి ఉపయోగపడదు. స్వేచ్ఛగా తిరుగుతున్న ఎలక్ట్రాన్ల వల్ల అన్ని రంగుల్లోనూ ఒకే రకంగా తెల్లని వెలుగు వస్తుంది, మూలకాల రేఖలన్నీ దానిలో మునిగిపోతాయి. మైక్రో సెకను ప్రాంతంలో ప్లాస్మా విచ్చుకుని చల్లబడుతుంటే ఆ తెల్లని నేపథ్యం తగ్గి, ఒక్కో మూలకపు రేఖ సన్నగా, స్పష్టంగా పైకి తేలుతుంది. పరికరం కన్ను మూసుకుని ఆగి, సరిగ్గా అప్పుడే తెరుచుకోవాలి. 1,600 డిగ్రీల వద్ద మెరుస్తున్న కరిగిన ఉక్కు మీద ఈ పద్ధతి పనిచేయడానికి కూడా ఇదే కారణం. ఉక్కు సొంత వెలుగు ఎక్కువగా ఎరుపు, పరారుణ రంగుల్లో ఉంటుంది, మనకు కావలసిన రేఖలు అతినీలలోహిత భాగంలో ఉంటాయి. పైగా కన్ను తెరుచుకునే కాలం అతి స్వల్పం కాబట్టి ఉక్కు కాంతి దానిలోకి చొరబడే అవకాశం చాలా తక్కువ.

రేఖల ప్రకాశాన్ని మోతాదుగా మార్చాలంటే ప్లాస్మా వేడి ఎంతో తెలియాలి. ఒక మూలకపు పరమాణువుల్లో ఎన్ని మామూలు స్థితిలో ఉన్నాయి, ఎన్ని అయాన్లుగా మారాయి అన్నది వేడి మీద, ఎలక్ట్రాన్ల సాంద్రత మీద ఆధారపడుతుంది. ఆ సంబంధాన్ని చెప్పే సమీకరణం 1920లో మేఘనాద్ సాహా రాసినది. నక్షత్రాల కాంతిని అర్థం చేసుకోవడానికి ఆయన కట్టిన సూత్రం నేడు ఉక్కు పరీక్షల్లో నిత్యం అక్కరకొస్తోంది. ఈ విషయం రాయకుండా ముందుకు సాగడం నాకు ఇష్టం లేకపోయింది.

కార్బన్ ఎందుకు మొండికేస్తుంది

ఉక్కులో అన్నిటికంటే ముఖ్యమైన మూలకం కార్బన్, లేజర్‌కు అన్నిటికంటే సతాయించేదీ అదే. గాలిలో తేలికగా చదవగలిగే కార్బన్ రేఖ 247.86 నానోమీటర్ల దగ్గర ఉంది. సరిగ్గా అక్కడే ఇనుము రేఖలు కూడా ఉన్నాయి. ఇనుముకు వర్ణపటంలో వేల రేఖలుంటాయి. నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఇనుమే ఉన్న పదార్థంలో 0.2 శాతం కార్బన్ గొంతు వినాలంటే పెళ్లి బాజాల మధ్య గుసగుస వినడమే. రోస్కో కాలం నాటి పొరపాటు ఇక్కడ కొత్త వేషంలో తిరిగి వస్తుంది: కార్బన్ పెరిగిందనుకున్నది నిజానికి ప్లాస్మా వేడిలో వచ్చిన మార్పు వల్ల ఇనుము రేఖ ప్రకాశం పెరగడం కావచ్చు.

అందుకని 193.09 నానోమీటర్ల దగ్గరి మరో కార్బన్ రేఖ దగ్గరకు వెళతారు. గంధకానికి 180.73, భాస్వరానికి 178.28 నానోమీటర్ల రేఖలు అనుకూలమైనవి. వీటితో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, సుమారు 200 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యాల కాంతిని గాలిలోని ఆక్సిజనే మింగేస్తుంది. మామూలు ఫైబర్ కేబుల్‌లో కూడా ఆ కాంతి దూరం ప్రయాణించలేదు. కాబట్టి లోహం నుంచి వర్ణపట మాపకం దాకా దారంతా ఆర్గాన్ లేదా నైట్రోజన్‌తో నింపాలి, లేదా శూన్యం చేయాలి, ఆ పరికరాన్ని లోహానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. ల్యాబ్‌లో ఇది పెద్ద కష్టం కాదు. ధూళి, పొగ, కంపనం, నిప్పురవ్వలు, నెత్తిన క్రేన్లు తిరిగే మెల్ట్ షాపులో సున్నితమైన గాజు కిటికీని, శుద్ధమైన వాయువును నెలల తరబడి నిలబెట్టడమే అసలు పరీక్ష. జర్మనీలోని ఆఖెన్‌లో ఉన్న ఫ్రాన్‌హోఫర్ లేజర్ సంస్థ ఈ దిశగా ఎక్కువ కృషి చేసింది. ఒకదాని వెంట ఒకటి రెండు మూడు స్పందనలను మైక్రో సెకన్ల తేడాతో పంపితే, మొదటిది చేసిన పలుచని వాయు ఖాళీలో రెండోదాని కాంతి ఇంకా బలంగా వస్తుందని ఆ పరిశోధనల్లో ఉపయోగించుకున్నారు. ఈ మెళకువలతో కార్బన్, గంధకం, భాస్వరాలను పది లక్షల్లో కొద్ది పాళ్ల నుంచి కొన్ని పదుల పాళ్ల స్థాయి వరకు గుర్తించగలిగారు.

ఇంకో చిక్కు ఉంది. ఒకే 0.2 శాతం కార్బన్ మామూలు ఉక్కులో ఒక ప్రకాశాన్ని, 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న స్టెయిన్‌లెస్ ఉక్కులో మరో ప్రకాశాన్ని ఇవ్వవచ్చు, ఎందుకంటే రెండింటిలో ఆవిరయ్యే పదార్థమూ, ప్లాస్మా వేడీ ఒకేలా ఉండవు. క్రోమియం వంటివి ఎక్కువగా ఉన్నప్పుడు ప్లాస్మా లోపలి వేడి భాగం నుంచి వచ్చే కాంతిని చుట్టూ ఉన్న చల్లని భాగంలోని అవే పరమాణువులు తిరిగి మింగేస్తాయి. దాంతో మోతాదు పెరిగినా రేఖ ఆ మేరకు పెరగదు. అందువల్ల నేరుగా ప్రకాశాన్ని కాకుండా పక్కనున్న ఇనుము రేఖతో దాని నిష్పత్తిని తీసుకుంటారు. లోహం కాస్త దూరంగా ఉన్నా, లేజర్ శక్తి కాస్త తగ్గినా రెండు రేఖలూ కలిసే తగ్గుతాయి కాబట్టి నిష్పత్తి చాలావరకు నిలుస్తుంది. ఆపైన ప్రతి గ్రేడు కుటుంబానికీ ముందే మోతాదు తెలిసిన ప్రామాణిక నమూనాలతో వేరు వేరు కొలమానాలు తయారు చేసుకోవాలి. కొలమానం లేకుండా, కేవలం ప్లాస్మా భౌతిక సూత్రాల నుంచే మోతాదు లెక్కగట్టే పద్ధతిని ఇటలీలోని పీసా పరిశోధకులు 1999లో ప్రతిపాదించారు. రాళ్లు, పురావస్తువులు వంటి వాటికి అది బాగా పనికొస్తుంది. 0.040 దగ్గర గీత గీసే ఉక్కు పనికి అది సరిపోతుందని నేను అనుకోను.

ఏ మెతుకు ఎవరి మాట చెబుతుంది

ఇక మొదట వేసిన ప్రశ్న దగ్గరకు వద్దాం. ఒక్క తాకిడికి వచ్చే అంకె నమ్మదగినది కాదు, అది నిజమే. కానీ సెకనుకు 10 స్పందనలిచ్చే లేజర్‌తో 100 సెకన్లలో వెయ్యి తాకిడులు తీసుకోవచ్చు. యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గులు కొలతల సంఖ్యకు వర్గమూలం చొప్పున తగ్గుతాయి కాబట్టి వెయ్యి కొలతల సగటులో అవి దాదాపు ముప్పయ్యో వంతుకు దిగుతాయి. అయితే ఈ లెక్క యాదృచ్ఛికమైన తప్పుకే వర్తిస్తుంది. వెయ్యి తాకిడులూ తప్పు చోటే పడితే వెయ్యి సార్లు కచ్చితంగా తప్పు జవాబే వస్తుంది. గిన్నె అడుగున అన్నం మాడిపోయి, పైన పలుకుగా ఉంటే, పైనున్న మెతుకులు ఎన్ని పట్టినా అడుగు సంగతి తెలియదు కదా.

లాడిల్‌లో పైన ఉండేది ఉక్కు కాదు, స్లాగ్ అనే మలినాల పొర. దాని కింద ఉక్కు ఉంది. స్లాగ్ లేని చోట కూడా కరిగిన ఉక్కు గాలి తగలగానే ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. అందుకని ఒక పొడవైన లాన్స్‌ను స్లాగ్ గుండా కిందకు దించి, దాని కొనలోంచి ఆర్గాన్ ఊది, కొన దగ్గర ఒక శుభ్రమైన లోహపు ముఖాన్ని ఏర్పరచి, ఆ గొట్టం లోంచే లేజర్‌ను కిందకు పంపి, అదే దారిలో కాంతిని పైకి తెచ్చే ఏర్పాట్లు చేశారు. బుడగలు కదిలించే కొద్దీ కొత్త లోహం ముఖం మీదకు వస్తుంది, కాబట్టి ఒకే చుక్కను పదే పదే కొట్టినట్టు కాదు. దీనికి ఎదురయ్యే కష్టాలు కూడా అక్కడివే: కొన దగ్గర లోహం గడ్డకట్టడం, చిందిన బొట్లు కిటికీకి అంటుకోవడం, అలలు లేచినప్పుడల్లా కేంద్రం తప్పడం, అగ్నినిరోధక గొట్టం అరిగిపోవడం. కరిగిన ఉక్కు మీద ఈ పద్ధతి సాధ్యమని ఎన్నో ప్రయోగాలు చూపినా, స్పార్క్ యంత్రాన్ని అది ఇంకా పక్కకు నెట్టలేకపోవడానికి కారణం భౌతిక శాస్త్రంలో లేదు, ఈ కష్టాల్లో ఉంది.

ఇంతకంటే సౌమ్యమైన చోట అది ముందే స్థిరపడింది. తుప్పు పట్టకుండా ఉక్కు రేకును ముంచే కరిగిన జింక్ తొట్టె 460 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. దానిలో 0.1 నుంచి 0.2 శాతం దాకా అల్యూమినియం కలుపుతారు, అది జింక్ పూత ఉక్కుకు సరిగా అంటుకునేలా నియంత్రిస్తుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. తొట్టెలోని అల్యూమినియం కొంత జింక్‌లో కరిగి ఉంటుంది, మిగతాది ఇనుముతో కలిసి గట్టి రేణువులుగా తేలుతుంటుంది. పూత మీద ప్రభావం చూపేది కరిగి ఉన్న భాగమే. గరిటెతో తీసిన నమూనాను ఆమ్లంలో కరిగించి కొలిస్తే ఈ రెండూ కలిసిపోయిన అంకె వస్తుంది. కరిగిన లోహం మీదే లేజర్ కొడితే తాకిడి రేణువు మీద పడినప్పుడు అల్యూమినియం రేఖ ఒక్కసారిగా ఎగుస్తుంది, అలాంటి తాకిడులను విడిగా పక్కన పెట్టవచ్చు. మెతుకు మరీ చిన్నది కావడం ఇక్కడ లోపంగా కాక లాభంగా మారింది. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ పరిశోధకులు ఈ దారిలో చాలా పని చేశారు.

గట్టిపడిన ఉక్కు దిమ్మెను (బిల్లెట్ లేదా బ్లూమ్‌ను) కోసిన ముఖం మీద వేల చుక్కలు కొట్టుకుంటూ పోతే, నడిమధ్యలో కార్బన్, మాంగనీస్, గంధకం ఎంతగా పేరుకున్నాయో పటంలా గీయవచ్చు. ఇదే పనికి పూర్వం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో తడిపిన ఫోటో కాగితాన్ని ఆ ముఖం మీద అద్ది, గంధకం ఉన్న చోట గోధుమ రంగు మచ్చలు తేలడం చూసేవారు.

పట్టి చూడటానికి ఒక మెతుకు చాలా, లేక అన్నీ పట్టుకోవాలా అన్న ప్రశ్నకు లేజర్ ఇచ్చే సూటి జవాబు పూర్తయిన వస్తువుల దగ్గర కనిపిస్తుంది. జర్మనీలో 1990ల చివరి నుంచే గొట్టాల అమరిక ముక్కలను ఒక్కొక్కటిగా లేజర్‌తో తనిఖీ చేసే యంత్రాలు పనిలోకి వచ్చాయి. నూరింటిలో ఒకటి కాక, నూరూ. ముందు తాకిడులు పైనున్న పెచ్చును తొలగిస్తాయి, తరవాతివి లోపలి లోహాన్ని చదువుతాయి, సెకన్లలో ముక్క కదిలిపోతుంది. రిచ్‌మండ్ వంటి ప్రమాదానికి మూలం ఒక్క తప్పు ముక్కే కాబట్టి, సగటును బాగా తెలుసుకోవడం కంటే ఏ ఒక్కదాన్నీ వదలకపోవడమే ముఖ్యం. ఎక్స్-రే తుపాకీలు మాలిబ్డినం, క్రోమియం వంటివి తేలికగా చదివినా కార్బన్‌ను చదవలేవు, ఎందుకంటే కార్బన్ ఇచ్చే ఎక్స్-రే శక్తి అతి తక్కువై గాలిలోనే ఇంకిపోతుంది. కార్బన్ 0.03 శాతం లోపు ఉండవలసిన 304ఎల్ స్టెయిన్‌లెస్ ఉక్కును మామూలు 304 రకం నుంచి విడదీయాలంటే కార్బన్ అంకె కావాలి. ఆర్గాన్ ఊదే ఏర్పాటుతో చేత్తో పట్టుకునే లిబ్స్ పరికరాలు 2010ల రెండో సగంలో ఈ ఖాళీని పూరించాయి.

లేజర్‌కు మరో వాడుక కూడా ఉంది, పదార్థాన్ని ముట్టకుండానే. కన్వర్టర్ నుంచి, ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్ నుంచి వెళ్లే వాయువు గుండా ఒక సన్నని లేజర్‌ను పంపి, కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ ఏ మేరకు దాన్ని మింగాయో కొలుస్తారు. ఆక్సిజన్‌కు 760 నానోమీటర్ల ప్రాంతం వాడతారు. ఉక్కులోంచి ప్రతి క్షణం ఎంత కార్బన్ కాలిపోతోందో ఈ వాయువు చెబుతుంది, లోహంలో ఎంత మిగిలిందో లెక్కవేసుకోవలసి ఉంటుంది. కాబట్టి దీన్ని రోస్కో చూసిన మంటకు నేరు వారసురాలు అనవచ్చు.

తుక్కు దగ్గర

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆశ కలిగించే చోటు తుక్కు గుట్ట. మన దేశంలో ఉక్కులో సగానికి పైగా ఎలక్ట్రిక్ ఆర్క్, ఇండక్షన్ ఫర్నేసుల నుంచి వస్తుంది, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇండక్షన్ ఫర్నేస్‌తో కడ్డీలు చేసే చిన్న యూనిట్లు ఎన్నో ఉన్నాయి. కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊది, సున్నపు స్లాగ్ కట్టించి భాస్వరాన్ని తొలగించవచ్చు. ఇండక్షన్ ఫర్నేస్‌లో ఆ సౌకర్యం చాలా పరిమితం. వేసింది దాదాపు వేసినట్టే బయటికి వస్తుంది.

రాగి సంగతి ఇంకా కఠినం. ఇనుము కంటే రాగి ఆక్సిజన్‌తో కలవడానికి తక్కువ ఆసక్తి చూపుతుంది కాబట్టి దాన్ని కాల్చి తీయాలంటే ముందు ఇనుమంతా కాలిపోవాలి. అందుకే తుక్కులోని మోటారు వైండింగ్, వైరు ముక్కల నుంచి చేరిన రాగి ఒకసారి ఉక్కులో కలిశాక అక్కడే ఉండిపోతుంది. ఆ ఉక్కును 1,100 డిగ్రీలకు పైగా వేడి చేసి రోలింగ్ మిల్లులో సాగదీసేటప్పుడు ఉపరితలంలో ఇనుము ఆక్సైడ్ పెచ్చుగా పోయి, రాగి వెనక మిగిలి పేరుకుంటుంది. రాగి 1,085 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి ద్రవమై స్ఫటికాల అంచుల వెంట లోపలికి చొరబడి పగుళ్లు తెస్తుంది. తగరం తోడైతే ఇది ఇంకా తీవ్రం.

కాబట్టి ల్యాబ్ జవాబు నాలుగు నిమిషాలు ముందు రావడం కంటే, తుక్కు కరగక ముందే రావడం ఇక్కడ ఎక్కువ విలువైనది. బెల్టు మీద కదులుతున్న ముక్కల మీద లేజర్ వాడి ఈ పని చేయించే యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. వాటికి సవాలు లోహం లోపల లేదు, పైన ఉంది: తుప్పు, పెయింటు, గ్రీజు, కొన్ని మైక్రోమీటర్ల జింక్ పూత. ముందుగా రెండు మూడు స్పందనలతో ఆ పొరను తొలిచి, అదే గుంటలో తరవాతి దాన్ని కొట్టాలి. బెల్టు సెకనుకు మీటరు వేగంతో నడుస్తుంటే 100 మైక్రో సెకన్లలో ముక్క పదోవంతు మిల్లీమీటరు జరిగిపోతుంది, అంటే దాదాపు గుంట వెడల్పంత. కదిలే అద్దంతో ముక్క వెంట గురిని కదిలించాలి, లేదా ఆ లోపే స్పందనల వరుస ముగించాలి. ముందు తాకిడుల్లో జింక్ రేఖ వెలిగి తరవాత తగ్గిపోతే అది పూత అని, చివరిదాకా రాగి రేఖ నిలిస్తే అది లోపలిదేనని తెలుసుకోవడానికి ఇది వీలిస్తుంది. అయినా ఉక్కు ముక్క లోపల చుట్టుకున్న రాగి తీగ మీద కాక, పక్కనున్న ఉక్కు మీదే గురి పడితే యంత్రం మంచి ముక్క అనే చెబుతుంది. ఆకారం చూసే కెమెరాను లేజర్‌కు జతచేయడం అందుకే.

కొనుగోలుదారుడి చేతికిచ్చే పరీక్ష పత్రం మీద ముద్రించే అంకెలు నేటికీ ఎక్కువగా స్పార్క్ యంత్రం నుంచి, కార్బన్, గంధకాల విషయంలో నమూనాను ఆక్సిజన్‌లో మండించి కొలిచే పరికరం నుంచి వస్తున్నాయి. లేజర్ వాటి పక్కన నిలబడి, అవి చేరలేని చోట్ల మాట్లాడుతోంది. ఇండక్షన్ ఫర్నేస్‌లో కరిగాక రాగి 0.5 శాతమని తెలిసిన హీట్‌కు మిగిలేది స్పాంజ్ ఐరన్ కలిపి పలుచన చేయడమో, అచ్చులో పోసి తుక్కుగా పక్కన పెట్టడమో. అదే సంగతి బెల్టు మీద ఉండగానే తెలిస్తే, ఆ వైండింగ్ ఉన్న ముక్కను ఒక గాలి పిచికారీతో పక్క తొట్టెలోకి తోసేయవచ్చు.